వాన నీట తేలు

నవరసాలూ వరసగా అప్పజెప్పగలను. ట్రైనింగులో వాటి మీద మార్కులు కూడా బాగానే తెచ్చుకున్నాను. అయినా ఎవరైనా ఒక పద్యం చదివి, కళ్ళు అరమూసి, "ఇందులో ఉన్నది ఫలానా రసం" అంటే నాకు వెంటనే నవ్వొస్తుంది. దానికి కారణం దివిసీమలో నేను చదువు చెప్పిన సెకండు ఫారం, అంటే ఇప్పటి ఏడో తరగతి, పిల్లలు. చదువు చెప్పానని నేను అనుకుంటున్నాను గానీ, ఆ ఏడాది ఎవరు ఎవరికి చెప్పారో ఇప్పటికీ తేలలేదు.

అది యాభైల చివరి మాట. మాది గుడివాడ. మా నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. బందరు దాటాక భూమిని నమ్మకూడదని ఆయన సిద్ధాంతం. అవతల ఉన్నదంతా సముద్రం ఏదో దయతలిచి వదిలిపెట్టిన నేల అనేవారు. అలాంటి మనిషి కూతురికి హంసలదీవి వెళ్ళే దారిలో, పేరు చెబితే బస్సు కండక్టర్లు కూడా "ఎక్కడమ్మా అది?" అనే ఒక ఊళ్ళో, బోర్డు హైస్కూల్లో టెంపరరీ టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కొన్నాళ్ళు ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి నాన్నే దిగొచ్చారు.

"ఒక్క ఏడాది చూస్తాను. పర్మినెంటు అయితే సరే. కాకపోతే మూటా ముల్లే సర్దుకుని ఇంటికి రావాలి. గాలివానొస్తే అక్కడ నిన్ను చూసే దిక్కెవరే?" అన్నారు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. మర్యాదగా, అణకువగా కాదు, పంతం పట్టినట్టు కావాలి. ఆ ఊళ్ళో ఒక రైతుగారి ఇంటి పక్క వాటాలో నాకొక గది ఉండేది. దానికొక తాళం, ఆ తాళంచెవి నా నడుముకి. మా ఇంట్లో ఆడవాళ్ళెవరికీ అంతకుముందు తమదంటూ ఒక తాళంచెవి లేదు. కూర మాడితే మాడిన కూరే వేసుకుని తినేదాన్ని, అడిగేవాళ్ళు లేరు. మాడిన కూర అంత రుచిగా ఉంటుందని గుడివాడలో ఉండగా నాకు తెలియదు.

మా హెడ్మాస్టరుగారు మంచివారు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు పద్యం. పెళ్ళికి పద్యం, పదవీ విరమణకి పద్యం, పొరుగువారి గేదె ఈనితే పద్యం. బడికి కొత్త గంట కొన్న రోజున గంట మీద సీసం చెప్పడం మొదలుపెట్టారు. పద్యం అయ్యేదాకా గంట కొట్టడానికి ఎవరికీ ధైర్యం చాలక, ఆ పూట పిల్లలు ఆకలితో నకనకలాడుతూ ఇళ్ళకు వెళ్ళారు.

బందరు నుంచి ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారని, టెంపరరీ వాళ్ళ పాఠాలు ప్రత్యేకంగా వింటారని కబురొచ్చింది. ఆయన మెచ్చుకుంటే నేను పర్మినెంటు. లేకపోతే గుడివాడ. నేను బెదురుతూ ఉండగానే హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి ఒక ఆటవెలది చేతిలో పెట్టారు. కిందటేడు గాలివాన ఆ ఊరిని ముంచి వెళ్ళింది. మా పిల్లల్లో సగంమంది ఇళ్ళు కొట్టుకుపోయాయి. అయినా పదిరోజులు తిరక్కుండా అదే పిల్లలు అదే బడి వరండాలో గోళీలాడారట. వాళ్ళను తల్చుకుని ఆయన రాసిన పద్యం అది.

వాన నీట తేలు పసిబాల నవ్వెరా
గాలి యెంత కొట్ట కనులు విచ్చి
తుంగ వంగి లేచు తోయమ్ము తీసిన
బాలలట్లె లేత ప్రాణమైన

"చూడండమ్మా, భావం ఇదీ. వాన నీటిలో తేలుతున్న పసిపిల్ల గాలి ఎంత కొట్టినా కళ్ళు విప్పి నవ్వింది. నీళ్ళు తీశాక తుంగ ఎలా వంగి లేస్తుందో, లేత ప్రాణాలైనా పిల్లలూ అలా లేస్తారు. రసం కరుణ. పాఠం పూర్తయ్యేసరికి క్లాసంతా కంటతడి పెట్టాలి. ఇన్‌స్పెక్టరుగారు కళ్ళారా చూడాలి," అన్నారు.

"ఎంత తడండీ?" అన్నాను. నా నోరు అప్పుడూ అంతే.

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. "చెంప దాకా వస్తే చాలు," అన్నారు.

మర్నాడు పద్యం బోర్డు మీద రాసి, రాగం తీసి చదివాను. "వాన నీట తేలు" దాకా చదివి ఆగాను. అక్కడ యతి పడుతుంది, ఆగి చదవమని ట్రైనింగులో నేర్పారు. నేను ఆగానో లేదో, వెనక బెంచీల వాళ్ళు గభాలున కాళ్ళు బెంచీ మీదకి లాగేసుకున్నారు. ముందు వాళ్ళు వెనక్కి చూసి వాళ్ళూ లాగేసుకున్నారు. క్షణంలో క్లాసులో ఒక్క కాలూ నేల మీద లేదు.

"ఏమిట్రా?"

"తేలన్నారు కదండీ," అన్నాడొకడు, నేలంతా వెతుకుతూ.

నేను నవ్వి, ఇది ఆ తేలు కాదర్రా, తేలడం, నీళ్ళ మీద తేలుతున్న బాల అని చెప్పాను. అర్థమైందన్నారు. ఏం అర్థమైందని అడిగితే, "నీళ్ళ మీద తేలు తేలుతోందండీ," అన్నారు. గాలివాన చూసిన పిల్లలు వాళ్ళు. వరదొస్తే గోడల్లోంచీ తాటాకు కప్పుల్లోంచీ ముందు బయటికి వచ్చేది తేళ్ళే. వాళ్ళ లెక్కలో వాన, నీరు, తేలు ఒక వరస మాటలు. పసిబాలే ఎక్కడి నుంచో వచ్చి మధ్యలో దూరింది. బోర్డు మీద నీళ్ళు గీసి, నీళ్ళలో పాపను గీసి చూపించాను. అంతా శ్రద్ధగా చూశారు. "తేలు గీయడం మర్చిపోయారండీ," అని గుర్తుచేశారు.

నా వల్ల కాక పై క్లాసులకు చెప్పే తెలుగు పండితులుగారిని బతిమాలాను. ఆయన ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చారు.

"ఒరేయ్, తేలు అనేది ఇక్కడ నామవాచకం కాదురా. తద్ధర్మార్థక విశేషణం. పారు నీరు, వీచు గాలి, తేలు బాల. తెలిసిందా? తద్ధర్మార్థకం!"

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికొకడు భయంభయంగా లేచాడు.

"అది కుడితే మంత్రానికి దిగుద్దాండీ?"

ఆ సాయంత్రానికల్లా ఊళ్ళో మామూలు తేలు, మండ్రగబ్బ కాక తద్ధర్మార్థకమనే మూడో జాతి పుట్టింది. మా ఇంటి రైతుగారు కూడా నన్ను అడిగారు, అది ఈ పక్క గట్ల మీద ఉంటుందా అని.

పండితులుగారు స్టాఫు రూములో నా చెవిన వేశారు. "అసలు తప్పు హెడ్మాస్టరుగారిదమ్మా. 'నీట' తర్వాత 'తేలు' ఉండకూడదు. అరసున్నా పెట్టి త ను ద చెయ్యాలి, 'నీటఁ దేలు' అని. అలా చేసుంటే ఆ తేలు అక్కడే చచ్చేది. పిల్లలకి సులువుగా ఉండాలని సంధి మానేశారు. సంధి లేనిచోట ఏదైనా దూరుతుంది."

"మరి ఆయనకి చెప్పకపోయారాండీ?"

"నాకింకా సర్వీసుందమ్మా," అన్నారాయన, ముక్కుపొడుం డబ్బీ తీస్తూ.

తేలు సంగతి పక్కనపెట్టి తుంగకి వచ్చాను. పొలమున్న ఇంటి పిల్లవాడొకడు మొహం చిట్లించాడు. "తుంగ లేస్తే మా నాన్న మనుషుల్ని పెట్టి పీకిస్తాడండీ. పిల్లలు తుంగలాంటోళ్ళంటే మమ్మల్నీ పీకెయ్యమనా అండీ?" వాడిదీ న్యాయమే. పుస్తకాల్లో తుంగకి ఎంత గౌరవమున్నా వరి చేలో దానంత తిట్లు తినే మొక్క ఇంకోటి లేదు. ఇక కంటతడికి నేను చేసిన ప్రయత్నం చెప్పుకుంటే సిగ్గుచేటు. ఏడవండర్రా అంటే పకపకా నవ్వారు. కోప్పడితే ఇంకా నవ్వారు. ఒకడు సాయం చేద్దామని మర్నాడు జేబులో ఉల్లిపాయ వేసుకొచ్చాడు. దాన్ని మధ్యాహ్నం అన్నంలో నంజుకు తినేశారు.

చివరికి పిల్లల చేత చిలక పలుకులు పలికించాను. ఏ రసం? కరుణ రసం. ఏ బొమ్మ? నీళ్ళలో తేలుతున్న పాప. తుంగ మంచిదా చెడ్డదా? ఈ పద్యం వరకు మంచిది.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. భారీ మనిషి, పెద్ద మీసాలు. వచ్చీ రాగానే కొబ్బరి నీళ్ళు తాగి, హెడ్మాస్టరుగారి గదిలో నా ఎదుటే అన్నారు, "నిన్న చూసిన బళ్ళో హెడ్మాస్టరు తన పద్యాలే పాఠాలుగా పెట్టుకున్నాడండీ. ఒళ్ళు మండిపోయింది. బడి ఏమన్నా ఆయన సొంత అవధాన సభా? మీరలాంటివేం పెట్టలేదు కదా?"

"అబ్బే!" అన్నారు మా హెడ్మాస్టరుగారు. "ఇవాళ మా పిల్లలకి చెప్పే పద్యం ఎవరో పూర్వ కవిదండీ."

ఆయన ముఖం తేలు కుట్టిన దొంగ ముఖమే. నా వైపు చూడకుండా క్లాసుకి దారితీశారు. పండితులుగారు వెనకాలే వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నారు.

పద్యం ఎక్కడా ఆగకుండా, యతి గితి చూడకుండా ఒక్క ఊపిరిలో చదివేశాను. అంతా సవ్యంగా నడుస్తోంది అనుకుంటుండగా ఇన్‌స్పెక్టరుగారు లేచి, "నేను అడుగుతానమ్మా," అన్నారు. ముందు బెంచీ వాడి వైపు వేలు చూపించి, "ఇందులో ఏ రసం రా?" అన్నారు.

వాడి ఇంటి వెనక మామిడితోట. మీసాలు చూసిన భయంలో నేను నేర్పినదాంట్లో రెండో సగమే వాడికి గుర్తుంది. "పెద్ద రసమండీ," అన్నాడు. పక్కవాడు ఊరుకోవచ్చు కదా, "కాదండీ, చిన్న రసం. అదే తియ్యగా ఉంటది," అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు మీసం కదపలేదు. రెండో బెంచీలో ఉన్న ఒక సన్నటి పిల్లను లేపారు. "నువ్వు చెప్పమ్మా. ఈ పద్యం వింటే నీ కళ్ళకి ఏం బొమ్మ కనబడుతోంది?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేర్పినది చెప్పాలా, కనబడుతున్నది చెప్పాలా అన్న సందేహం ముఖంలో స్పష్టంగా తెలుస్తోంది. "నీళ్ళండీ. ఓ తేలండీ. ఓ పిల్లండీ," అంది.

"తేలా!"

గుమ్మం దగ్గర పండితులుగారు కళ్ళు మూసుకున్నారు. హెడ్మాస్టరుగారు ఆ పిల్లను కూర్చోబెట్టమని నాకు చేత్తో సైగ చేశారు. నాకు గుడివాడ బస్సు కళ్ళ ముందు కనబడింది. కూర్చోమంటే కూర్చునేదే. నేర్పిన బొమ్మ ఇంకొకరి చేత చెప్పించి ఒడ్డున పడేదాన్నే. కానీ నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ళ కష్టం మీద పద్యం రాసి, ఆ కష్టం ఎలా ఉంటుందో వాళ్ళు చెప్పబోతే కూర్చోమనడం ఏం మర్యాద?

"ఎక్కడ చూశావమ్మా తేలుని?" అన్నాను.

"మా ఇంటి కప్పు మీదండీ. గాలివానప్పుడు మా కప్పు ఊడి నీళ్ళలో తేలిందండీ. నేనూ మా తమ్ముడూ దాని మీద ఉన్నామండీ. తాటాకులో తేలుందండీ. అది ఆ కొసన, మేం ఈ కొసన. మా తమ్ముడు ఒకటే ఏడుపండీ. ఏడవమాకరా, తేలు మావయ్య సూడు ఏడుత్తన్నాడా అన్నానండీ. అప్పుడు ఊరుకున్నాడు."

"అది కుట్టలేదూ?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన బెంచీ దగ్గరకి వచ్చేశారు.

"లేదండీ. దానిక్కూడా భయవే కదండీ పాపం. గాలి కొట్టినప్పుడల్లా అదీ మాలాగే ఆకుని పట్టుకుని కూచుంది. మేం కదిలితే అది కొండి ఎత్తేది, అది కదిలితే మేం కాళ్ళెత్తేవాళ్ళం. పొద్దున నీళ్ళు తీసినాక కప్పు గట్టుకి తగిలిందండీ. మాకంటే ముందు అదే దిగి ఎల్లిపోయింది. రాత్రంతా కలిసున్నామా, ఎల్లొత్తానని ఒక్క మాటన్నా అనలేదండీ!"

ఆఖరి మాట దగ్గర ఆ పిల్లే ఫక్కున నవ్వింది. అంతే, క్లాసు క్లాసంతా నవ్వు. ఒకడు కొండి ఎత్తి నడిచినట్టు చెయ్యెత్తి బెంచీల మధ్య రెండడుగులు వేశాడు. ఇన్‌స్పెక్టరుగారు ముందు మీసాల కింద ఆపుకున్నారు. తర్వాత ఆపుకోలేక బెంచీ మీద కూలబడి, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వి, రుమాలు తీసి కళ్ళొత్తుకున్నారు. ఆ రోజు క్లాసులో కంటతడి పెట్టింది ఆయనొక్కరే. చెంప దాకా వచ్చింది.

కాస్త తేరుకుని ఆయన బోర్డు వైపు తిరిగారు. "తేలు పసిబాల! అటు తేలూ, ఇటు పసిబాలా, ఇద్దరూ ఒకే నీళ్ళలో! శ్లేష అండీ! చిన్న ఆటవెలదిలో ఎంత గొప్ప శ్లేష! ఎవరండీ ఈ పూర్వ కవి?"

"నేనేనండీ!" అన్నారు హెడ్మాస్టరుగారు.

అప్పటిదాకా సర్వీసు కోసం నోరు కట్టుకున్న పండితులుగారికి వ్యాకరణం కోసం కట్టుకోవడం చేత కాలేదు. "అయ్యా, అక్కడ సంధి చెయ్యలేదండీ. నీటఁ దేలు..." అని లేచారు.

"సంధి చేస్తే తేలు ఎక్కడుంటుందండీ?" అని కసిరారు హెడ్మాస్టరుగారు. "ఆ తేలు కోసమే కదా సంధి మానేసింది!"

అంత అబద్ధాన్ని అంత ధీమాగా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పండితులుగారు కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టరుగారు నా వైపు తిరిగారు. ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. "నువ్వు చెప్పమ్మా. ఇందులో ఉన్నది ఏ రసం?"

నా నోరు మళ్ళీ ఊరుకోలేదు. "కరుణ అని నేర్పానండీ. వాళ్ళు నవ్వుతున్నారు. నీళ్ళలో ఉన్నవాళ్ళు వాళ్ళు. ఒడ్డున కూర్చుని మనం ఏడవమంటే బాగుండదండీ," అన్నాను.

ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళేటప్పుడు హెడ్మాస్టరుగారితో, "ఈ అమ్మాయిని వదులుకోకండి. పర్మినెంటు చెయ్యమని నేను చెబుతాను," అన్నారట. "నేనే తర్ఫీదిచ్చానండీ," అన్నారట ఈయన.

నాకు ఏనుగెక్కినంత సంతోషం వేసింది. గదికి వచ్చి తాళం తీసి కూర్చున్నాక మాత్రం ఏడుపొచ్చింది. ఆ పిల్ల చెప్పినదంతా నవ్వు తీసేసి మళ్ళీ ఒకసారి అనుకున్నాను. చీకట్లో, గాలిలో, తమ్ముణ్ణి పట్టుకుని ఇంత పిల్ల ఊడిపోయిన కప్పు మీద కూర్చుంది. అటు కొసన తేలు. దాన్ని మావయ్యను చేసేసింది. ఏ రసమని చెప్పను? ఆ పిల్ల ఆ రాత్రిని నవ్వుగా మార్చి మాకు పెట్టింది, మేం నవ్వాం. ఏడవడం పెద్దవాళ్ళ పని కాబట్టి నేను తలుపేసుకుని ఏడ్చాను.

పర్మినెంటు అయిందని రాసిన కార్డు గుడివాడ చేరకముందే మా నాన్న బయల్దేరి వచ్చేశారు. ఏడాది నిండిందని ఆయన లెక్క. బందరులో ఒక బస్సు, తర్వాత ఇంకో బస్సు, చివర కాలవ మీద పడవ. నా సామాను సర్దుకోవడానికి ఒక ఖాళీ ట్రంకు పెట్టె కూడా మోసుకొచ్చారు. రైతుగారి అరుగు మీద దాన్ని దించి, "ఏవిటి, సర్దావా?" అన్నారు.

పర్మినెంటయిందని చెప్పాను. ఆయన సంతోషించారో లేదో తెలియలేదు. కొత్త మనిషి వచ్చాడని పిల్లలు అప్పటికే అరుగు చుట్టూ మూగారు. నాన్న వాళ్ళను పట్టించుకోకుండా పెట్టె మీద కూర్చుని దక్షిణం వైపు, సముద్రం ఉన్న వైపు, చాలాసేపు చూశారు.

"ఉద్యోగానికేంలే, అయింది," అన్నారు చివరికి. "గాలివానొస్తే?"

ఏడాది పొడుగునా ఆలోచించినా నాకు తేలని ప్రశ్న అది. నేను నీళ్ళు నములుతుంటే ఆ రెండో బెంచీ పిల్ల ముందుకొచ్చింది.

"మేం లేవాండీ తాతగారూ? ముందు టీచరుగార్నే కప్పెక్కిస్తాం. ఆవిడికి ఈత రాదు, మాకు తెలుసు. భయపడితే కబుర్లు చెప్తాం."

నాన్న ఆ పిల్లను ఎగాదిగా చూశారు. సన్నటి చేతులు, మోకాలి దగ్గర చిరుగుకి మాసిక వేసిన పరికిణీ. ఆయన పెట్టె మీద నుంచి లేచారు. నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళి పందిట్లో అప్పగింతలప్పుడు తండ్రి కూతురి చేతిని అత్తవారి చేతుల్లో పెడతాడే, అచ్చం అలాగే నా చెయ్యి తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"అల్లారుముద్దుగా పెంచుకున్నాను తల్లీ. ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకుని..."

వేళాకోళానికే మొదలుపెట్టారు. పిల్లలు కిలకిలలాడుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. "చూసుకోండి" అన్న మాట మాత్రం రాలేదు. కండువా అంచుతో కళ్ళు గట్టిగా అదుముకుని అలాగే నిలబడిపోయారు. పిల్లల నవ్వు ఆగిపోయింది.

ఆ పిల్ల ఒక చేత్తో నా చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"ఏడవమాకండి తాతగారూ. బాగా చూసుకుంటాంగా."